నాలుగు వేళ్ళ శ్రుతి

నాకు పగ పట్టడం బాగా వచ్చు. సాక్సాఫోన్ వాయించడం కన్నా బాగా వచ్చు. సాక్సాఫోన్ చేతికి లొంగడానికి పదకొండేళ్ళు పట్టింది, పగకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. "తెలంగాణ వచ్చింది కదనే, ఇంకా గవన్నీ ఎందుకు" అనేవాళ్ళు నాకు రోజుకొకరు తగులుతారు. వచ్చింది, సంతోషమే. మా అక్క పాట మాత్రం మా అక్కకు తిరిగి రాలేదు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. చల్లగా, మర్యాదగా రాయమంటే నా వల్ల కాదు.

ముందు మా ఉస్తాద్ గురించి చెప్పాలి. దొంగిలించిన పాటను గుర్తుపట్టడం నాకు నేర్పింది ఆయనే. మలక్‌పేటలో ఆయనకొక పెళ్ళి బ్యాండు ఉండేది. నేను నల్గొండ పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని, ఆయన దగ్గర చేరాను. ఆయన వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్ క్లబ్బుల్లో వాయించాడు. అక్కడ డ్రమ్ములు కొట్టే ఆంగ్లో ఇండియన్ దోస్తు ఒకడు దేశం విడిచిపోతూ ఒక పెట్టె నిండా పాత రికార్డులు ఇచ్చిపోయాడట. అన్నీ అమెరికా నల్లవాళ్ళ పాటలు. జంప్ బ్లూస్ అంటారు వాటిని. పనిలేని ఆషాఢంలో ఉస్తాద్ మమ్మల్ని కూర్చోబెట్టి అవి వినిపించేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ ఇరవై మంది వాయించే బ్యాండ్లను మేపలేక ఏడెనిమిది మందికి కుదించారట. మనుషులు తగ్గిన సంగతి వినేవాళ్ళకు తెలియకూడదని వేగం పెంచారు, సాక్సాఫోన్‌ను ముందుకు తోశారు. డాన్సు హాళ్ళలో మైకులు అంతంత మాత్రం. ఆ బాకాలను, డ్రమ్ములను, తాగి గెంతే జనాన్ని దాటి గొంతు వినబడాలంటే పాడితే సరిపోదు, అరవాలి. అదీ శ్రుతి తప్పకుండా అరవాలి. అలా పాడేవాళ్ళకు అక్కడ అరిచేవాళ్ళనే పేరు. ఒక లైను గాయకుడు అరుస్తాడు, సాక్సాఫోన్లు జవాబు చెబుతాయి. మళ్ళీ అరుస్తాడు, మళ్ళీ జవాబు. ఒక్కోచోట సాక్సాఫోన్ వాడు ఒకే స్వరం పట్టుకుని బర్రె అరిచినట్టు అరిపిస్తూనే ఉంటాడు, ఎంతకూ కిందికి దిగడు. అది వింటే ముసలి ఉస్తాద్ కాలు కూడా ఆగేది కాదు.

ఒకరోజు ఆయన రెండు రికార్డులు ఒకదాని వెంట ఒకటి పెట్టాడు. పాట ఒకటే. మొదటిది ఒక నల్లామె పాడింది, గొంతులో బండలు దొర్లుతున్నాయి. రెండోది తెల్ల కుర్రాడు పాడాడు, కడిగి ఇస్త్రీ చేసినట్టుంది.

"దేఖో బేటా," అన్నాడు ఉస్తాద్. "పాట గదే, తాళం గదే. గీ పోరనికి దునియా మొత్తం సలాం కొట్టింది, దీనికి రాక్ అండ్ రోల్ అని కొత్త పేరు పెట్టింది. గామె ఏడవోయిందో ఎవలికెరుక?"

నాకు ఒళ్ళు మండింది. ఎన్నడూ చూడని అమెరికా వాళ్ళను ఆ రోజంతా తిట్టుకున్నాను. దూరపు దొంగల మీద కోపం తెచ్చుకోవడం ఎంత సులువో నాకప్పుడు తెలియదు.

ఇంకొక్క ముచ్చట చెప్పి అక్క దగ్గరికి వస్తాను. పెళ్ళి బరాత్‌లో, అంటే ఊరేగింపులో, పటాకుల మోతకు మనిషి మాట మనిషికి వినబడదు. అందుకని మా బ్యాండు వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పాడేవాడు పాట ఎత్తుకునే ముందు చెయ్యి పైకెత్తి వేళ్ళు చూపిస్తాడు. శ్రుతిని మేము హార్మోనియం మెట్లను బట్టి కట్టల్లో చెప్పుకుంటాం. రెండు వేళ్ళు చూపితే రెండు కట్టలు, నాలుగు చూపితే నాలుగు. వేళ్ళు ఎక్కువైనకొద్దీ శ్రుతి పైకి పోతుంది. వాయించేవాడు ఎదురు ప్రశ్న వేయకూడదు. ఎన్ని వేళ్ళు చూస్తే అంత శ్రుతిలో ఊదాలి, అంతే. బరాత్ నడవాలంటే అది మాకు మతం లాంటిది.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. కోచింగుల కోసం వచ్చిన ఎనభై మంది పిల్లలకు మూడు పూటలా వండాలి. రెండు పొయ్యిల బుస్సు, మిక్సీ రొద, పిల్లల గోల, వీటన్నిటి మీదుగా అక్క పాడుకుంటుంటే మూడో అంతస్తులో పడుకున్న పిల్ల లేచి బ్రష్ పట్టుకునేది. ఒకసారి ఉస్తాద్ ఇంటికి తీసుకుపోతే ఆయన ఆ నల్లామె రికార్డు పెట్టాడు. అక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరిదాకా విని, "గీమె కూడ ఏడనో వంట చేసెటామెనే అయ్యుంటది. పొయ్యికాడ ఒర్రి ఒర్రి గొంతు గట్ల అయితది" అంది. ఉస్తాద్ చాలాసేపు నవ్వి, ఇంకోసారి పెట్టి వినిపించాడు.

ఉద్యమం ముదిరిన రోజులవి. ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీద రాళ్ళు పేర్చి, పొయ్యిలు ముట్టించి, అక్కడే వండి అక్కడే తినడం, బండ్లు కదలనివ్వకపోవడం, అదీ ఆ పోరాట పద్ధతి. వేరే వాళ్ళు వండితే అన్నం మాడేదో, పలుకు ఉండేదో. అక్క దగ్గర అలాంటి వేషాలు లేవు. గుండిగలో తెడ్డు తిప్పుతూ, తిప్పే ఊపుకు తగ్గట్టు ఆమె ఒక పాట కట్టింది. అంతకుముందు ఆ పాట ఎక్కడా లేదు. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళ ముందు పుట్టింది.

"బిందె మాది, బావి మాది, తోడే చెయ్యి మాది
తాగెటోడు ఎవడో గాని, దూప మాది, దూప మాది."

దాహాన్ని మా వైపు దూప అంటాం. ఆ దూప దగ్గర అక్క గొంతు ఒక్కసారిగా పైకి లేచేది. లేచి అక్కడే నిలబడేది. నేను ఉస్తాద్ రికార్డుల్లో విన్నట్టు ఒకే స్వరం పట్టుకుని కింద సాక్సాఫోన్‌ను అరిపించేవాణ్ణి. జనం "దూప మాది" అని జవాబు చెప్పేవాళ్ళు. అమెరికాలో ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళ పద్ధతి ఎల్బీ నగర్ చౌరస్తాలో సాంబారు వాసన మధ్య బతికి కూర్చుంది. ఆ రోజుల్లో నాకన్నా సంతోషంగా ఉన్న మనిషి హైదరాబాదులో లేడు.

పాట ఎత్తుకునే ముందు అక్క నాకేసి నాలుగు వేళ్ళు చూపించేది. ఆమెది నాలుగు కట్టల శ్రుతి. ఆ పద్ధతి ఆమెకు నేనే నేర్పాను.

మా సభల్లో మైకు పట్టుకునే ఒక సారు ఉండేవాడు. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవాడు, మాట తేనె. జిరాక్స్ షాపు మీద ఒక గది తీసుకుని, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, పాటలు రికార్డు చేసేవాడు. అక్కను రమ్మన్నాడు. మేమిద్దరం పోయాం. మైకు ముందు అక్క నోరు తెరవగానే మీటర్ల సూదులన్నీ ఎర్రగీత దాటాయి. "అక్కా, నీ గొంతు మైకు తట్టుకుంటలేదు. జర వెనకకు జరుగు" అన్నాడు. జరిగింది. "ఇంకొంచెం" అన్నాడు. చివరికి అక్క గుమ్మం అవతల, మెట్ల మీద నిలబడి పాడింది. "ఇది ట్రయల్ అక్కా, అసలుది మల్ల చేద్దాం" అని పంపేశాడు. ఆ మల్ల ఎప్పటికీ రాలేదు.

నెల తిరక్కుండానే కొత్తపేటలో అక్క ఎక్కిన ఆటోలో ఆ పాట మోగింది. పాడింది సారు. రెండు కట్టల శ్రుతిలో, పైకి లేవకుండా, మెత్తగా. సీడీ అట్ట మీద పాట పక్కన ఇలా ఉంది: సేకరణ, గానం. దాని పక్కన ఆయన పేరు. సేకరణ అంటే రోడ్డు మీద దొరికింది, ఏరుకొచ్చానని అర్థం. అక్క ఆటో దిగి హాస్టల్‌కు నడిచి పోయి, ఎప్పటిలాగే పప్పు తాలింపు పెట్టింది. నాకు మాత్రం ఉస్తాద్ పెట్టిన రెండు రికార్డులు చెవుల్లో మోగాయి.

మర్నాడు ఇద్దరం సారు దగ్గరికి పోయాం.

"పాట ప్రజలది అక్కా," అన్నాడు. "ప్రజల పాటకు పేరేంది?"

"మరి నీ పేరెందుకున్నది సారూ?" అంది అక్క.

"ఎవడిదో ఒకడిది ఉండాలె గద. రేపు పోలీసోళ్ళు కేసు పెడ్తే మొయ్యాలె గద. నీ మీద పడొద్దనే."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా అక్క పాటను తీసుకుని మా అక్కకే ఉపకారం చేస్తున్నాడు. నేను చొక్కా పట్టుకునేవాణ్ణే, అక్క నా చెయ్యి నొక్కింది. ఆమె అడిగింది ఒకే ఒకటి.

"సీడీ నీదే ఉండని సారూ. ఒక్కసారి మైకుల చెప్పు, గీ పాట నేను కట్టిన్నని. నలుగురి ముందట ఒక్కసారి చెప్తే సాలు."

"సమయం ఒస్తది అక్కా, చెప్త," అన్నాడు సారు. ఆ తర్వాత ఆరు సభల్లో పాడాడు. ఒక్క దాంట్లోనూ సమయం రాలేదు.

హాస్టల్ నడిపే ఆమెది గుంటూరు వైపు. ఆ రోజుల్లో భయపడి గేటు మీద జై తెలంగాణ అని పెద్దక్షరాలతో రాయించుకుంది. నేను పోతే అంతకుముందు కాఫీ ఇచ్చి కబుర్లు చెప్పేది, ఉద్యమం మొదలయ్యాక కాఫీ ఇచ్చి పక్కకు తప్పుకునేది. ఆ సీడీ విన్న రోజు మాత్రం వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"ఇది నువ్వు కట్టిన పాటే కదమ్మా. తెల్లవారుజామున పప్పు రుబ్బుతూ పాడుకుంటావు, రోజూ వింటూనే ఉన్నాను. ఆయనెవరండీ మధ్యలో?" అని, నా వైపు తిరిగి, "మేము దోచుకుపోయామంటున్నారు కదా బాబూ, కాదనటానికి నేనెవర్ని. మరి ఈయన్ని ఏమంటారు మీరు?" అంది.

నీళ్ళు పోయాయని, ఉద్యోగాలు పోయాయని గొంతు చించుకున్న నాకు, మా మనిషే మా మనిషి పాటను జేబులో వేసుకుంటే ఏమనాలో ఒక్క మాట దొరకలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు పట్టకపోతే నేను పడతాననుకున్నాను. నా పగ ముదిరింది ఆ గుంటూరామె ముందు తల దించుకున్నప్పుడే.

సారు పాడే సభలకు పోయి వెనక నిలబడి చూడటం మొదలుపెట్టాను. ఆయన సీడీ ట్రాకు వేసుకుని దాని మీద పాడేవాడు. నాలుగో సభలోనో ఐదో సభలోనో ఒక సంగతి కంటబడింది. పాట ఎత్తుకునే ముందు ఆయన చెయ్యి ఆకాశంలోకి లేపి నాలుగు వేళ్ళు చూపిస్తున్నాడు. జనం కూడా సరదాగా నాలుగు వేళ్ళు లేపుతున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చౌరస్తాలో అక్క చేస్తుంటే చూసి, అదేదో పోరాటపు గుర్తనుకుని, పాటతో పాటు దాన్ని కూడా ఎత్తుకుపోయాడు. ట్రాకు మీద పాడినంత కాలం ఏ వేళ్ళు చూపినా నష్టం లేదు. ట్రాకుకు కళ్ళుండవు.

నాకు కళ్ళున్నాయి. నేను ఎదురుచూశాను.

ఎల్బీ నగర్ మైదానంలో పెద్ద సభ పెట్టారు. పెద్ద నాయకులు వస్తున్నారని, ట్రాకు వేసి పాడితే నవ్వుతారని, సారు నాకే కబురు పంపాడు. పాత సంగతులేమీ జరగనట్టు భుజం మీద చెయ్యేశాడు. "తమ్మీ, గా సాక్సాఫోన్ నీలెక్క ఎవడు వాయిస్తడు" అన్నాడు. సరే సారూ అన్నాను. ఆయన శ్రుతి చెప్పలేదు. చెప్పాలని ఆయనకు తెలియదు. వేదిక ఎక్కకముందు పాడేవాడు చెప్పకపోతే వాయించేవాడు అడగాలి. నేను అడగలేదు.

మిట్టమధ్యాహ్నం. వేదికకు ఎడమ పక్క ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టారు, అక్క అక్కడ గుండిగ దగ్గర ఉంది. జనం మైదానం నిండి రోడ్డు దాకా నిలబడ్డారు. సారు మైకు దగ్గరికి వచ్చాడు, ఉద్యమం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు, నా వైపు చూసి చెయ్యి లేపాడు. నాలుగు వేళ్ళు.

కాగల కార్యం గంధర్వులే తీర్చారు. ఆయన నాలుగు అడిగాడు, నేను నాలుగు ఇచ్చాను.

"బిందె మాది" అన్నంతవరకు బాగానే పోయింది. "తోడే చెయ్యి" దగ్గర మెడ నరాలు లేచాయి. నా వైపు ఒకసారి చూశాడు. నేను కళ్ళు మూసుకుని ఊదుతున్నాను. దూప దగ్గరికి వచ్చేసరికి ఆ మెత్తటి గొంతు సగం దూరం ఎక్కి, అక్కడ పుటుక్కున తెగింది. మైకులోంచి కీచుమని ఒక శబ్దం వచ్చింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆయన దగ్గి మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ తెగింది. నేను ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని అరిపిస్తూ నిలబడ్డాను. దిగలేదు, దిగనివ్వలేదు. వెనక్కి తిరిగి నన్ను ఏమనగలడు? శ్రుతి ఎక్కువైందంటే, మరి నాలుగెందుకు చూపావని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాడు. నా బతుకులో అంత తియ్యగా ఏ పెళ్ళిలోనూ ఊదలేదు. అబద్ధం ఎందుకు, ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

మూడోసారి ఆయన నోరు తెరవకముందే ఎడమ పక్క నుంచి లేచింది. "దూప మాది."

మైకు లేదు. తెడ్డు చేతిలోనే ఉంది. అక్క గొంతు వేదికను దాటి, మైదానాన్ని దాటి, రోడ్డు మీద ఆగిన బస్సుల దాకా పోయింది. శ్రుతి ఆమెదే కదా, ఎక్కడా తడుముకోలేదు. జనమంతా అటు తిరిగారు. వేల మంది ఒక్కసారిగా జవాబు చెప్పారు. నాకు ఏడుపొచ్చింది, ఊదుతూనే ఏడ్చాను. అనుకున్నదానికన్నా ఎక్కువే జరిగిందనుకున్నాను.

పాట అయ్యాక చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆలోపు సారు తేరుకున్నాడు. నవ్వుతూ మైకు దగ్గరికి వచ్చి, చెయ్యి అక్క వైపు చాపాడు.

"చూసిన్రా," అన్నాడు. "గిదీ తెలంగాణ అంటే. వంట చేసే మన అక్కలకు సుత నా పాట నోటికొచ్చింది."

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. నేను ఇప్పించిన చప్పట్లు. అంతకుముందు పాట దొంగిలించాడని మేము నలుగురం చెప్పుకునేవాళ్ళం. ఆ మధ్యాహ్నంతో, ఊరంతా చూస్తుండగా, ఆ పాట ఆయన దగ్గరి నుంచి అక్క నేర్చుకున్నదైపోయింది. మైకు ఆయన చేతిలో ఉంది. నా చేతిలో ఉన్న సాక్సాఫోన్‌కు మాటలు రావు.

దిగి అక్క దగ్గరికి పోయాను. మెచ్చుకుంటుందని పోయాను, ఆ మాట కూడా చెప్పాలి. ఆమె గంజి వారుస్తోంది.

"వేళ్ళు చూసి ఊదినవ్ గద," అంది.

"ఆయనే చూపిండు. నేనేం జేస్త?"

"ఆయనకు తెల్వదు. నీకు తెల్సు." గుండిగ మీద మూత పెట్టింది. "వాడు నా పాట ఎత్తుకపోయిండు. నువ్వు దాన్ని గంత మంది ముందట కింద పడేసినవ్. వాని గొంతు ఇరగ్గొట్టాల్నంటే ఇంకో పాటనే దొరకలేదా తమ్మీ?"

అన్నం వడ్డించడానికి లేచిపోయింది. నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. హాస్టల్‌కు పోతే గుంటూరామె కాఫీ ఇచ్చేది, అక్క వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు.

తెలంగాణ వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ పాట పెట్టుకుని అందరూ ఆడారు. నేనూ ఆడాను. ఆడుతూనే తిట్టుకున్నాను. ఇప్పుడు బళ్ళలో పిల్లలతో పాడిస్తున్నారు, పాట పక్కన ఆయన పేరే. ఆయనకు శాలువాలు కప్పుతున్నారు. నేను ఇందులో ఆయన పేరు రాయలేదు, కావాలనే రాయలేదు. రాసి ఆయన పేరుకు ఇంకో అట్ట మీద చోటు సంపాదించి పెట్టేంత వెర్రివాణ్ణి కాను. క్షమించానని అనుకుంటే ఆయన ఖర్మ.

ఇదంతా రాసి పోయిన వారం అక్కకు చదివి వినిపించాను. ఇప్పుడు నాగోల్‌లో కొడుకు దగ్గర ఉంటోంది, మోకాళ్ళు పనిచేయవు. కళ్ళు మూసుకుని విన్నది. సారు గొంతు తెగిన చోట కొంచెం నవ్వినట్టే అనిపించింది. అయిపోయాక అడిగాను. అక్కా, ఇప్పుడన్నా నీ పేరు రాస్తాను, ఈ పాట కట్టింది ఫలానా అని చివర పెద్దక్షరాలతో వేయిస్తాను అన్నాను. అసలు ఇదంతా రాసిందే ఆ ఒక్క లైను కోసం.

"పాట పక్కన రాసెటోడు ఉంటే రాయమను," అంది. "నీ పగ పక్కన నా పేరొద్దు."

ఎంత బతిమాలినా వినలేదు. అందుకని రాయలేదు. మా అక్క పాట ఆమె పేరు లేకుండా జనంలోకి పోవడం ఇది రెండోసారి. ఈసారి పంపుతున్నది నేను.